కంప్యూటర్‌లో కెంపుల పతకం: డిజిటల్ స్క్రాప్‌బుక్ కోసం రాళ్ళు పొదిగిన బంగారు అలంకారం చేసే పద్ధతి

ఓణీల ఫంక్షన్, పెళ్ళి, శ్రీమంతం ఫొటోలతో డిజిటల్ స్క్రాప్‌బుక్ పేజీలు చేసుకునేవాళ్ళు పదేపదే అడుగుతున్న ప్రశ్న ఒకటుంది. బంగారు రంగు గ్రేడియంట్ (ఒక రంగు నుంచి ఇంకో రంగుకు మారే పూత) వేశాం, బెవెల్ (అంచును ఎత్తుగా చూపే ఎఫెక్ట్) పెట్టాం, ఎర్ర రాయి గీశాం, అయినా ప్లాస్టిక్ నగలాగే ఉంది, ఎందుకని?

కారణం దాదాపు ప్రతిసారీ ఒక్కటే. వెలుతురు ఒక్కో ముక్క మీద ఒక్కో దిక్కు నుంచి పడుతోంది. పైగా లోహంలో ముదురుగా ఉండాల్సిన చోట్లు చాలినంత ముదురుగా లేవు. ఈ రెండూ సరిచేస్తే రంగుల్లో చిన్న చిన్న తేడాలున్నా కన్ను పట్టించుకోదు. అందుకే కింద ప్రతి మెట్టులోనూ వెలుతురు గురించే ఎక్కువ చెబుతాను.

మనం చేయబోయేది గుండ్రటి పతకం. ఎనిమిది కెంపు రేకులు, నడుమ ఒక పచ్చ, రేకుల మధ్య చిన్న తెల్లరాళ్ళు, చుట్టూ బంగారు గుండ్ల వరుస, కింద ఐదు ముత్యాలు. ఇది చేతికి వస్తే ఫొటో మూలల ముక్కలు, క్లిప్పులు, టైటిల్ పక్కన పెట్టే పువ్వులు అన్నీ ఇదే పద్ధతిలో చేసుకోవచ్చు.

## 1. ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి

ఇక్కడి మెనూ పేర్లు, అంకెలు ఫొటోషాప్‌వి. డబ్బు కట్టకుండా చేయాలంటే బ్రౌజర్‌లోనే నడిచే ఫొటోపీ ఉంది. లేయర్ స్టైల్స్ అందులోనూ దాదాపు ఇలాగే ఉంటాయి. పీఎస్‌డీ ఫైళ్ళను కూడా తెరుస్తుంది. గింప్ వాడేవాళ్ళకు 2025లో వచ్చిన 3.0 వెర్షన్‌లో ఫిల్టర్లను తర్వాత మార్చుకునే వీలు వచ్చింది. అయితే స్టైల్ పానెల్ ఇలా ఉండదు కాబట్టి, అంకెలను ఉన్నవి ఉన్నట్టు కాపీ చేయకుండా పద్ధతిని మాత్రం తీసుకోండి.

కాన్వాస్ 2400×2400 పిక్సెల్స్ పెట్టండి. లెక్క ఇది: 12×12 అంగుళాల పేజీ 300 పీపీఐలో (అంగుళానికి 300 పిక్సెల్స్) 3600×3600 పిక్సెల్స్ అవుతుంది. స్టూడియోల్లో చేయించే 12×36 కరిజ్మా ఆల్బమ్ షీటయితే 10800×3600. ఏ పేజీ మీదైనా పతకం రెండు, రెండున్నర అంగుళాలకు మించితే ఫొటోను మింగేస్తుంది. అంటే చివరికి మనకు కావాల్సింది 600 నుంచి 750 పిక్సెల్స్ మాత్రమే. అయినా పెద్దగా చేసి తగ్గించుకోవడమే మేలు. చిన్నదాన్ని సాగదీస్తే బంగారు అంచులు మసకబారతాయి.

మొదలుపెట్టే ముందు చూసుకోండి:

- రెజల్యూషన్ 300, కలర్ మోడ్ ఆర్‌జీబీ, ప్రొఫైల్ ఎస్‌ఆర్‌జీబీ
- బ్యాక్‌గ్రౌండ్ ట్రాన్స్‌పరెంట్
- వ్యూ మెనూలో న్యూ గైడ్ తీసుకుని నిలువుగా 50 శాతం, అడ్డంగా 50 శాతం దగ్గర ఒక్కో గీత
- వ్యూ మెనూలో స్నాప్ ఆన్
- కింద వేరే లేయర్ మీద మధ్యరకం బూడిద రంగు (తెలుపు మీద చేస్తే మెరుపులు కనపడవు, నలుపు మీద చేస్తే నీడలు కనపడవు)

## 2. అసలు నగను కిటికీ దగ్గర పెట్టి చూడండి

ఈ మెట్టు దాటేయకండి. ఇంట్లో కెంపుల జూకాలో, పాప కూచిపూడి సెట్‌లోని పతకమో ఉంటే పగటిపూట కిటికీ దగ్గర బల్ల మీద పెట్టండి. ట్యూబ్‌లైట్ ఆపేయండి. వెలుతురు ఒక్క కిటికీ నుంచే రావాలి.

రాయి మీద చిన్న తెల్లటి మెరుపు కిటికీ వైపు ఉంటుంది. దాని చుట్టూ రాయి ముదురుగా ఉంటుంది. కిటికీకి ఎదురు వైపు మాత్రం రాయి లోపలి నుంచి ఎర్రగా వెలుగుతుంది. వెలుతురు ఒకవైపు నుంచి లోపలికి వెళ్ళి రెండోవైపు పోగవుతుంది కాబట్టి అలా కనిపిస్తుంది. వెనక మూసి, కింద మెరిసే పలుచటి లోహపు రేకు (ఫాయిల్) వేసి పొదిగిన కెంపుల్లో ఈ వెలుగు ఇంకా బాగా తెలుస్తుంది. ఆ రేకు ముడతల వల్ల లోపల సన్నటి గీతలు కూడా కనిపిస్తాయి.

ముత్యం ఇందుకు భిన్నం. వెలుతురు వైపు తెల్లగా, ఎదురు వైపు మసకగా ఉంటుంది. కానీ ఆ మసక వైపు చిట్టచివరి అంచు మళ్ళీ కాస్త తేలుతుంది. అది బల్ల నుంచి తిరిగి పడిన కాంతి.

ఇక బంగారు అంచు చూడండి. రాయి కంటే ఎత్తుగా ఉండి, రాయి మీద తన నీడ వేస్తుంది. అదే అంచులో అతి ముదురు చోటును వెతకండి. దాదాపు నల్లటి గోధుమరంగులో ఉంటుంది. దాని పక్కనే, మధ్యలో ఏ మెట్టూ లేకుండా, తెల్లటి మెరుపు. మనం బొమ్మలో తెచ్చుకోవాల్సింది ఆ రెండింటి పొరుగే.

ఫోన్‌తో ఒక ఫొటో తీసి పక్కన తెరిచి పెట్టుకోండి. షాపు కేటలాగ్‌లోని నగను కత్తిరించి వాడుకోవద్దు. ఆ ఫొటో, ఆ డిజైన్ వేరొకరివి.

## 3. వెలుతురు దిక్కు ఖాయం చేయడం

లేయర్ మెనూలో లేయర్ స్టైల్, అందులో గ్లోబల్ లైట్ తెరవండి. యాంగిల్ 120, ఆల్టిట్యూడ్ 30 పెట్టండి. అంటే వెలుతురు ఎడమ పైమూల నుంచి వస్తోంది. ఇక మీద ఏ స్టైల్‌లో యాంగిల్ కనిపించినా పక్కనున్న ‘యూజ్ గ్లోబల్ లైట్’కు టిక్ ఉండాలి.

ఇక్కడొక ముఖ్యమైన తేడా తెలుసుకోవాలి. లేయర్ స్టైల్‌తో వచ్చిన మెరుపు, ఆకారాన్ని ఎటు తిప్పినా ఎడమ పైమూలనే పట్టుకుని ఉంటుంది. బ్రష్‌తో వేసిన మెరుపు మాత్రం ఆకారంతో పాటు తిరిగిపోతుంది. ఒక రేకు మీద మెరుపు గీసి, దాన్ని ఎనిమిదిసార్లు తిప్పి కాపీ చేస్తే ఎనిమిది దిక్కుల నుంచి వెలుతురు వచ్చినట్టవుతుంది. పతకాలు అబద్ధంగా కనపడటానికి నేను చూసినంతలో అతి పెద్ద కారణం ఇదే.

కాబట్టి వరుస ఎప్పుడూ ఇలా ఉండాలి: ముందు ఆకారం, తర్వాత స్టైల్, తర్వాత తిప్పి కాపీలు, అన్నిటికంటే చివర చేత్తో వేసే మెరుపులు.

## 4. ఆకారాలు వేయడం

ఎలిప్స్ టూల్ తీసుకుని, పైన మోడ్ ‘షేప్’ అని ఉందో లేదో చూడండి. కాన్వాస్ మీద ఒక్క క్లిక్ చేస్తే కొలతలు అడుగుతుంది. కొలతలు ఇచ్చాక మధ్య గైడ్లకు జరపండి.

- వెనక పళ్ళెం: 1700×1700
- బయటి అంచు: 1700 వృత్తం, అందులోంచి ‘సబ్‌ట్రాక్ట్ ఫ్రంట్ షేప్’తో తీసేసిన 1600 వృత్తం
- నడిమి పచ్చ: 450 వృత్తం
- పచ్చ అంచు: 520 వృత్తంలోంచి 440 తీసేసిన ఉంగరం
- రేకు కెంపు: వెడల్పు 260, ఎత్తు 340, కేంద్రం కాన్వాస్ కేంద్రానికి సరిగ్గా 490 పిక్సెల్స్ పైన
- రేకు అంచు: 320×400 లోంచి 250×330 తీసేసిన ఉంగరం, కెంపు ఉన్నచోటే

రాయి, అంచు లోపలి ఖాళీ కంటే 10 పిక్సెల్స్ పెద్దదిగా ఉండటం గమనించండి. సరిసమానంగా పెడితే మధ్యలో సన్నటి ఖాళీ గీత కనిపించి, రాయి ఊడిపోతున్నట్టు ఉంటుంది.

లేయర్ల వరుస కింది నుంచి పైకి: పళ్ళెం, రాళ్ళు, రాళ్ళ అంచులు, బయటి అంచు, గుండ్లు, ముత్యాలు, మెరుపులు. రాయి కింద, అంచు పైన. చాలామంది దీన్ని తిరగేసి రాయికి నీడ పెడతారు, దాంతో రాయి పొదిగినట్టు కాకుండా పైన అతికించినట్టు తయారవుతుంది.

ఇప్పుడే రేకులను తిప్పకండి. ముందు ఒక రేకుకు బంగారం, కెంపు రెండూ సరిగ్గా కుదరాలి.

## 5. బంగారం

రేకు అంచు లేయర్ మీద డబుల్ క్లిక్ చేసి, ముందు గ్రేడియంట్ ఓవర్‌లే పెట్టండి. స్టైల్ లీనియర్, యాంగిల్ 120. ఈ యాంగిల్‌లో గ్రేడియంట్ పట్టీ కుడి చివరి రంగు ఎడమ పైమూలకు వస్తుంది, అది గుర్తుంచుకోండి.

రంగులు ఎరుపు-ఆకుపచ్చ-నీలం వరుసలో ఇస్తున్నాను:

- 0 శాతం దగ్గర 92-58-14
- 30 దగ్గర 176-124-36
- 48 దగ్గర 122-78-20
- 62 దగ్గర 224-176-84
- 78 దగ్గర 255-243-205
- 100 దగ్గర 190-138-46

48 దగ్గర మళ్ళీ ముదురు ఎందుకు? ముదురు నుంచి లేతకు ఒకే వాలుగా పోతే అది రంగు వేసిన కాగితం. లోహంలో చుట్టుపక్కల వస్తువులు ప్రతిఫలిస్తాయి కాబట్టి ముదురు, లేత ఒకదాని తర్వాత ఒకటి రావాలి.

తర్వాత బెవెల్ అండ్ ఎంబాస్:

- స్టైల్ ఇన్నర్ బెవెల్, టెక్నిక్ స్మూత్
- డెప్త్ 250, సైజ్ 16, సాఫ్టెన్ 1
- గ్లోస్ కాంటూర్ ‘రింగ్’, పక్కన యాంటీ-ఏలియాస్డ్ టిక్
- హైలైట్ స్క్రీన్ మోడ్, 255-246-214, ఒపాసిటీ 85
- షాడో మల్టిప్లై మోడ్, 60-34-6, ఒపాసిటీ 70

సైజ్ 16 ఎందుకంటే అంచు మందం 35. మందంలో సగానికి కాస్త తక్కువ పెడితే అంచు గుండ్రటి తీగలా తేలుతుంది. ఇంకా తక్కువయితే పైన చదునుగా ఉంటుంది. 80 పిక్సెళ్ళ మందం ఉన్నదానికి ఇదే 16 పెడితే పనికిరాదు, ప్రతి ముక్కకూ దాని మందాన్ని బట్టి మార్చుకోండి.

ఇక్కడ అసలు పని చేసేది గ్లోస్ కాంటూర్. లీనియర్‌లో ఉంచితే ఒకవైపు లేత, ఒకవైపు ముదురు, అంతే. రింగ్‌కు మార్చగానే మధ్యలో మెరుపు గీత పుడుతుంది. ‘రింగ్ - డబుల్’ ఇంకా కటువుగా ఉంటుంది, వెండికి బాగా నప్పుతుంది.

షాడో రంగు నలుపు పెట్టకండి. నలుపు బంగారాన్ని ఆకుపచ్చ ఛాయలోకి లాగి మురికిగా చేస్తుంది. గోధుమరంగే వాడండి.

చివరగా డ్రాప్ షాడో: మల్టిప్లై, 40-10-10, ఒపాసిటీ 65, డిస్టెన్స్ 8, సైజ్ 14. అంచు నీడ రాయి మీద పడేది దీనివల్లే.

ఇదే స్టైల్‌ను పచ్చ అంచుకు, బయటి అంచుకు కాపీ చేసి బెవెల్ సైజులు సవరించండి. బయటి అంచుకు మాత్రం గ్రేడియంట్‌ను లీనియర్ నుంచి ‘యాంగిల్’కు మార్చి, ముదురు-లేత జంటలు మూడో నాలుగో వచ్చేలా పెంచండి. యాంగిల్ గ్రేడియంట్‌లో మొదటి రంగు, చివరి రంగు ఒక్కటే ఉండాలి. లేకపోతే ఒకచోట కోసినట్టు గీత పడుతుంది.

పళ్ళేనికి మెరుపు వద్దు. 120-80-24 రంగు, లోపలికి ముదురు ఇన్నర్ గ్లో చాలు. వెనక మసకగా ఉంటేనే ముందున్నవి వెలుగుతాయి.

వెండి కావాలంటే ఇవే స్థానాల్లో ముదురుకు 60-65-71, మధ్యరంగుకు 141-148-155, లేతకు 244-246-248 వాడండి. రాగికి 184-115-51ని మధ్యరంగుగా తీసుకుని అటూ ఇటూ ముదురు, లేత పెంచండి.

## 6. కెంపులు

కెంపు లేయర్‌కు గ్రేడియంట్ ఓవర్‌లే, స్టైల్ రేడియల్. నడుమ 240-70-90, మధ్యలో 200-16-46, బయట 90-0-18. డైలాగ్ తెరిచి ఉండగానే కాన్వాస్ మీద మౌస్‌తో లాగితే గ్రేడియంట్ జరుగుతుంది. వెలుగు భాగాన్ని కుడి కిందకి, అంటే వెలుతురు వచ్చే దిక్కుకు ఎదురుగా లాగండి.

కొత్తవాళ్ళ చెయ్యి సహజంగా దీన్ని ఎడమ పైకి లాగుతుంది. అలా చేస్తే అది రంగు పూసిన చెక్కపూస అవుతుంది. గాజు, కెంపు, పచ్చ, ఇలా వెలుతురు లోపలికి వెళ్ళే దేనికైనా లోపలి వెలుగు ఎదురువైపే.

తర్వాత ఇన్నర్ షాడో: మల్టిప్లై, 50-0-10, ఒపాసిటీ 70, డిస్టెన్స్ 20, సైజ్ 45. ఇది ఎడమ పైభాగాన్ని ముదురు చేస్తుంది. దాని మీద ఇన్నర్ గ్లో, మోడ్ మల్టిప్లై, అదే ముదురు రంగు, 40 శాతం, సైజ్ 20. రాయి అంచు చుట్టూ లోతు వస్తుంది.

ఇప్పుడు తిప్పి కాపీలు. కెంపు లేయర్ ఎంచుకుని కంట్రోల్ + ఆల్ట్ + టి నొక్కండి. పైన ఆప్షన్స్ పట్టీలో రిఫరెన్స్ పాయింట్ గడికి టిక్ పెట్టండి, కొత్త వెర్షన్లలో అది మామూలుగా దాగి ఉంటుంది. ఆ చుక్కను కాన్వాస్ కేంద్రానికి, గైడ్లు కలిసే చోటికి లాగండి. రొటేట్ గడిలో 45 అని కొట్టి ఎంటర్ నొక్కండి. లైవ్ షేప్ మామూలు పాత్‌గా మారుతుందని అడిగితే యెస్ అనండి. తర్వాత కంట్రోల్ + షిఫ్ట్ + ఆల్ట్ + టి ఆరుసార్లు. మొత్తం ఎనిమిది.

అంచు లేయర్‌కూ ఇదే మళ్ళీ చేసి, ఎనిమిది అంచులూ ఎనిమిది కెంపుల పైన ఉన్నాయో లేదో చూడండి.

రేకులను ఒకే లేయర్‌లో కలపకండి. కలిపితే గ్రేడియంట్ ఎనిమిదింటి మీదా ఒకటిగా పరుచుకుని, కుడి కిందనున్న రాళ్ళు వెలిగి, ఎడమ పైవి చచ్చిపోతాయి. ప్రతి రాయికీ దాని వెలుగు దానికే కావాలి.

అసలు కెంపులు అన్నీ ఒకే రంగులో ఉండవు. రెండు మూడు రాళ్ళ ముదురు రంగును కాస్త అటూ ఇటూ మార్చండి. ఒకదాన్ని గులాబీ వైపు, ఒకదాన్ని ముదురు వైపు. పక్కపక్కన కాకుండా దూరదూరంగా ఉన్నవాటిని ఎంచుకోండి.

రాయి కింది ఫాయిల్ ముడతలు. కెంపు పైన కొత్త లేయర్ పెట్టి క్లిప్పింగ్ మాస్క్ (గీసింది కెంపు ఆకారం దాటి కనపడకుండా చేసేది) చేయండి, మోడ్ ఓవర్‌లే. 3 పిక్సెళ్ళ మెత్తటి బ్రష్‌తో లేత గులాబీ రంగులో వంకర గీతలు రెండో మూడో, వెలుగు భాగంలో మాత్రమే, ఒపాసిటీ 20. సైజు తగ్గించాక ఇవి విడిగా కనపడవు, కానీ రాయిలో లోతు వచ్చిందని కంటికి తెలుస్తుంది.

పై మెరుపు. దీన్ని 10వ మెట్టు దాకా ఆపండి.

## 7. పచ్చ, తెల్లరాళ్ళు

పచ్చకు కెంపు స్టైలే కాపీ చేసి రంగులు మార్చండి: 90-200-140, 0-120-72, 0-48-32. రాయి పెద్దది కాబట్టి ఇన్నర్ షాడో సైజ్ 60 దాకా పెంచండి.

తెల్లరాళ్ళు రేకుల సందుల్లో, కేంద్రం నుంచి 640 పిక్సెళ్ళ దూరంలో, 100 పిక్సెళ్ళ వ్యాసంతో సరిపోతాయి. మొదటిదాన్ని 22.5 డిగ్రీల దగ్గర పెట్టి మిగతావి 45 చొప్పున తిప్పండి.

వజ్రాన్ని గుండ్రటి బ్రిలియంట్ కోతలో కోస్తే 57 ముఖాలుంటాయి, పైనుంచి కనిపించేవే 33. అవన్నీ గీయాలని కూర్చోకండి. మన రాయి చివరికి 50 పిక్సెళ్ళే, అన్నీ కలిసి బూడిద రంగు ముద్ద అవుతాయి. నడుమ ఒక అష్టభుజి, చుట్టూ ఎనిమిది ముక్కలు చాలు. తెలుపు, 205-212-220, 120-130-142, 60-66-76 రంగులను క్రమం లేకుండా వేయండి. తెల్లరాయిలో ముదురు ముక్కలు లేకపోతే మెరుపే ఉండదు.

వీటిని మాత్రం గీసిన తర్వాత తిప్పి కాపీ చేసినా ఇబ్బంది లేదు. ముఖాలు ఎటు తిరిగితే అటు మెరుస్తాయి కాబట్టి ఒక్కో రాయి ఒక్కోలా ఉండటమే సహజం.

## 8. బంగారు గుండ్ల వరుస

బ్రష్ స్పేసింగ్ పెంచి వృత్తం మీద స్ట్రోక్ చేస్తే త్వరగా అయిపోతుంది. కానీ మొదలు, చివర కలిసే చోట ఒక గుండు సగం మీద సగం పడుతుంది. కాస్త ఓపికగా ఇలా చేయండి.

1. 70 పిక్సెళ్ళ వృత్తాన్ని కేంద్రం నుంచి 755 పిక్సెళ్ళ పైన పెట్టండి.
2. పాత్ సెలక్షన్ టూల్‌తో ఆ పాత్‌ను ఎంచుకోండి. పాత్‌ను ఎంచుకుని చేస్తే కాపీలన్నీ ఒకే లేయర్‌లో ఉంటాయి.
3. కంట్రోల్ + ఆల్ట్ + టి, రిఫరెన్స్ పాయింట్ కేంద్రానికి, 6 డిగ్రీలు, ఎంటర్. తర్వాత కంట్రోల్ + షిఫ్ట్ + ఆల్ట్ + టి నాలుగుసార్లు. ఆరు గుండ్లయ్యాయి.
4. ఆరింటినీ కలిపి ఎంచుకుని, అదే పద్ధతిలో 36 డిగ్రీలు. తర్వాత ఎనిమిదిసార్లు. మొత్తం 60.

ఆ వృత్తం చుట్టుకొలత దాదాపు 4744 పిక్సెళ్ళు, గుండుకు 79 వస్తుంది. గుండు 70 కాబట్టి మధ్యలో 9 పిక్సెళ్ళ సందు. ఈ సందు తప్పనిసరి. గుండ్లు ఒకదానికొకటి తగిలితే బెవెల్ వాటన్నిటినీ ఒకే ఆకారంగా లెక్కేసి, గుండ్ల బదులు నొక్కులున్న తీగను తయారుచేస్తుంది.

స్టైల్: రంగు 200-150-56, ఇన్నర్ బెవెల్, స్మూత్, సైజ్ 32, గ్లోస్ కాంటూర్ రింగ్, డ్రాప్ షాడో డిస్టెన్స్ 6. గ్రేడియంట్ అక్కర్లేదు.

## 9. ముత్యాలు

130 పిక్సెళ్ళ వృత్తం, కేంద్రం నుంచి 935 కిందకి. 12 డిగ్రీల చొప్పున అటు రెండు, ఇటు రెండు. రేకుల్లాగే ప్రతిదీ వేరే లేయర్‌లో.

రేడియల్ గ్రేడియంట్: నడుమ 255-252-245, తర్వాత 238-228-212, బయట 186-168-148. ఈసారి లేత భాగాన్ని ఎడమ పైకి లాగండి. కెంపుకు ఎదురు పద్ధతి. తర్వాత కుడి కింది అంచున సన్నటి నెలవంక, 255-236-214, ఒపాసిటీ 45, కాస్త బ్లర్ చేసి. బల్ల మీద ముత్యంలో చూసిన ఆ తేలే అంచు ఇదే. ఇది లేని ముత్యం చదునుగా ఉండిపోతుంది.

ముత్యాన్ని పతకానికి కలిపే చిన్న బంగారు వలయం మర్చిపోకండి, లేకపోతే ముత్యాలు గాల్లో తేలుతుంటాయి.

## 10. చేత్తో వేసే మెరుపులు, పాతదనం

అన్నిటికంటే పైన కొత్త లేయర్. ప్రతి కెంపు మీదా ఎడమ పైభాగంలో 60×35 పిక్సెళ్ళ తెల్లటి కోడిగుడ్డు ఆకారం, ఒపాసిటీ 80, గాసియన్ బ్లర్ 3. ఎనిమిది రాళ్ళలోనూ మెరుపు స్క్రీన్‌కు ఎడమ పైనే ఉండాలి, రేకు కొసను బట్టి తిరగకూడదు. అందుకే దీన్ని తిప్పి కాపీ చేయకుండా, ఆల్ట్ పట్టుకుని మూవ్ టూల్‌తో లాగుతూ ఒక్కోచోట పెట్టండి.

పచ్చకు మెరుపును కిటికీ ఆకారంలో, కొద్దిగా వంగిన నలుచదరంగా పెడితే పెద్దరాయి అని తెలుస్తుంది. మెరుపును రాయి నట్టనడుమ పెట్టకండి.

దేవాలయ నగల పాత బంగారం కావాలంటే, 59-37-8 రంగుతో మల్టిప్లై లేయర్ మీద మెత్తటి బ్రష్ పట్టుకుని సందుల్లో మాత్రం నడపండి. గుండ్ల కింద, రేకులు కలిసే చోట్ల, పచ్చ అంచు చుట్టూ. ఎత్తుగా ఉన్న భాగాలు ఒరిసి ఒరిసి మెరుస్తూనే ఉంటాయి కాబట్టి వాటి జోలికి వెళ్ళకండి. ఆపైన బంగారం మీద 2 శాతానికి లోపు మోనోక్రొమాటిక్ నాయిస్ వేస్తే మరీ నున్నటి కంప్యూటర్ తళుకు పోతుంది.

నాలుగు కొసల నక్షత్రం మెరుపు పెట్టాలని అందరికీ అనిపిస్తుంది. పెడితే ఒక్కటి పెట్టండి. అదీ తెల్లరాయి మీద మాత్రమే.

## 11. తరచూ వచ్చే తప్పులు, దిద్దుబాట్లు

బంగారం పసుపుగా, చదునుగా ఉంది. పసుపును తగ్గించే ప్రయత్నం చేయకండి. గ్రేడియంట్‌లో 48 దగ్గరున్న రంగును ఇంకా ముదురు చేయండి, 78 దగ్గరున్నదాన్ని తెలుపుకు దగ్గర చేయండి. బొమ్మను ఒకసారి బ్లాక్ అండ్ వైట్ అడ్జస్ట్‌మెంట్ లేయర్‌తో చూడండి. అప్పుడు కూడా లోహంలా కనిపిస్తే రంగు దానంతటదే కుదురుతుంది.

సైజు తగ్గించగానే అంచులన్నీ ఉబ్బిపోయాయి. లేయర్‌ను ఫ్రీ ట్రాన్స్‌ఫామ్‌తో తగ్గిస్తే స్టైల్ అంకెలు తగ్గవు. 16 పిక్సెళ్ళ బెవెల్ 16గానే ఉండిపోతుంది. మొత్తం ఫైల్‌ను ఇమేజ్ సైజ్‌తో తగ్గించండి. అక్కడ గేర్ గుర్తులో ‘స్కేల్ స్టైల్స్’ టిక్ ఉండాలి. ఒక్క లేయరే అయితే లేయర్ స్టైల్ మెనూలో ‘స్కేల్ ఎఫెక్ట్స్’ ఉంది.

మెరుపు గీతలు రంపపు పళ్ళలా ఉన్నాయి. గ్లోస్ కాంటూర్ పక్కన యాంటీ-ఏలియాస్డ్ టిక్, సాఫ్టెన్ 2.

పతకం చుట్టూ తెల్లటి పోగు. తెల్ల బ్యాక్‌గ్రౌండ్‌తో కలిపేసి తర్వాత కత్తిరించారన్నమాట. లేయర్ మెనూలో మ్యాటింగ్, డీఫ్రింజ్, 1 పిక్సెల్. వీలుంటే పీఎస్‌డీకి వెళ్ళి బ్యాక్‌గ్రౌండ్ లేయర్ ఆపేసి మళ్ళీ సేవ్ చేయడం మేలు.

ప్రింట్‌లో బంగారం మట్టిరంగుకు తిరిగింది. స్క్రీన్ తనంతట తాను వెలుగుతుంది, కాగితం వెలగదు. ప్రింట్‌కు పంపే పేజీలో పతకం పైన కర్వ్స్ లేయర్ పెట్టి మధ్య భాగాన్ని కొద్దిగా లేపండి, ముదురును అలాగే ఉంచండి. మొత్తం ఆల్బమ్ ఆర్డర్ ఇచ్చే ముందు ఒక్క పేజీ ప్రింట్ తీయించుకోండి.

## 12. సేవ్ చేయడం

- లేయర్లన్నీ ఉన్న పీఎస్‌డీ వేరుగా, ఎప్పటికీ చెరపకుండా
- ఇమేజ్ సైజ్‌లో 1200 పిక్సెల్స్, స్కేల్ స్టైల్స్ ఆన్
- బూడిద రంగు బ్యాక్‌గ్రౌండ్ లేయర్ ఆఫ్
- ఇమేజ్ మెనూలో ట్రిమ్, ట్రాన్స్‌పరెంట్ పిక్సెల్స్
- ‘సేవ్ ఎ కాపీ’లో పీఎన్‌జీ (జేపీజీలో పారదర్శకత ఉండదు, చుట్టూ తెల్ల పెట్టె వస్తుంది)
- పతకం కింద పేజీ మీద పడే నీడను పీఎన్‌జీలో కలపకుండా
- తెలుపు, నలుపు, ముదురు ఆకుపచ్చ, ఈ మూడు రంగుల మీద పెట్టి అంచుల తనిఖీ
- బంగారం, కెంపు, ముత్యం స్టైల్స్‌ను స్టైల్స్ పానెల్‌లో పేర్లు పెట్టి భద్రం చేయడం

## 13. పేజీ మీద పెట్టడం

పతకం మందంగా ఉండే వస్తువు. కాగితం ముక్కకు పెట్టే నీడ దీనికి చాలదు. 300 పీపీఐ పేజీలో డిస్టెన్స్ 12 నుంచి 15, సైజ్ 20, ఒపాసిటీ 55 దగ్గర మొదలుపెట్టండి. నీడ రంగు నలుపు కాకుండా, కిందున్న కాగితం రంగులోనే బాగా ముదురుది తీసుకోండి. పట్టుచీర రంగు కాగితం మీద ఈ ఒక్క మార్పుతోనే పతకం అక్కడ పెట్టినట్టు కుదురుకుంటుంది.

ముత్యాల నీడను విడిగా లేయర్ చేసి రెండు మూడు పిక్సెళ్ళు ఎక్కువ జరిపితే, అవి వేలాడుతున్నాయని తెలుస్తుంది.

మూలల కోసం చేసిన ముక్కను నాలుగు మూలలకూ పీఎన్‌జీగా తిప్పి వాడకండి. పీఎన్‌జీని తిప్పితే వెలుతురూ తిరుగుతుంది. పీఎస్‌డీలో ఆకారాలను తిప్పి, చేతి మెరుపులను మళ్ళీ ఎడమ పైకి జరిపి, నాలుగు వేర్వేరు ఫైళ్ళు తీసి పెట్టుకోండి. గుండ్రటి పతకానికి ఈ శ్రమ అక్కర్లేదు, ఎలాగూ తిప్పే పని ఉండదు.

పేజీలోని ప్రధాన ఫొటోలో వెలుతురు కుడి నుంచి పడుతుంటే పతకాన్ని అడ్డంగా ఫ్లిప్ చేయండి. ఎడమ కుడి ఒకేలా ఉన్న ఆకారం కాబట్టి డిజైన్ మారదు, మెరుపులు మాత్రం కుడి పైకి వెళ్తాయి. ఆ పేజీలోని మిగతా నీడలను కూడా కుడి వైపు వెలుతురుకే, యాంగిల్ 60కి మార్చుకోండి.